రెండు కార్ల పోలికలో కరెంటు స్తంభం ఏది?

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో టాటా కర్వ్ ఈవీ, హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్‌ కార్లను పక్కపక్కన పెట్టి రాసిన వ్యాసం అక్షరం వదలకుండా చదివాను. సరిగ్గా ఈ రెండింటి మీదే మా ఇంట్లో కొన్నాళ్లుగా పంచాయితీ నడుస్తోంది మరి. తెర ఎన్ని అంగుళాలు, స్పీకర్లు ఎవరివి, పైకప్పు అద్దం ఎంత తెరుచుకుంటుంది, అన్నీ రాశారు. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి కర్వ్ 8.6 సెకన్లలో, క్రెటా 7.9 సెకన్లలో చేరతాయని కూడా రాశారు. మా యనమదుర్రు డ్రెయిన్ గట్టు మీద ఆ ప్రయోగం చేస్తే తొమ్మిదో సెకనుకు రెండు కార్లూ నీళ్లలోనే ఉంటాయి. చివర్లో 'మీ అవసరాన్ని బట్టి ఎంచుకోండి' అని ముగించారు. డెల్టాలో ఉండేవాడి అవసరం ఏమిటో మాత్రం ఎక్కడా కనబడలేదు. అదేదో నేనే రాద్దామని కూర్చున్నాను. ఉత్తరం కొంచెం పెద్దదైంది, ఏమీ అనుకోకండి.

నేను కాళ్ల మండలంలో వనామీ రొయ్య సాగు చేస్తాను. ఇల్లు ఊళ్లో, చెరువులు ఊరి బయట. మేత కోసం, సీడు (రొయ్య పిల్లల) కోసం, నీళ్ల పరీక్షల కోసం భీమవరం, ఉండి, ఆకివీడు తిరుగుతూనే ఉంటాను. అమ్మాయి విశాఖపట్నంలో చదువుకుంటోంది. చెల్లెల్ని కోనసీమలో ఇచ్చాం. ఉన్న డీజిల్ బండి ముసలిదైపోయింది. 2025లోనే కొత్తది తీసుకుందామనుకుంటే, ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్లింది, కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే కౌంటు ధరలు పడ్డాయి, కారు మాట పక్కకు పోయింది. ఇప్పుడు మళ్లీ కదిలింది. పెట్రోలుతో నడిచే ఇదే సైజు ఎస్‌యూవీకి జీఎస్టీ 40 శాతం, ఎలక్ట్రిక్‌కు 5 శాతం అన్నాక మళ్లీ పెట్రోలు వైపు చూడటం ఎందుకని ఈ రెండింటి దగ్గరికి వచ్చి ఆగాం. ధరలోనూ పెద్ద తేడా లేదు. విడుదలైనప్పుడు కర్వ్ ఈవీ 17.49 లక్షల దగ్గర, క్రెటా ఎలక్ట్రిక్ 17.99 లక్షల దగ్గర మొదలయ్యాయి.

ముందు మీ వ్యాసంలో ఒక పొరపాటు. రేంజి పట్టికలో కర్వ్‌కు 585 కిలోమీటర్లు, క్రెటాకు 473 కిలోమీటర్లు అని వేసి, కర్వ్ నూట పన్నెండు కిలోమీటర్లు ఎక్కువ పోతుందని తేల్చేశారు. ఆ రెండు అంకెలూ ఒకే పరీక్షలో వచ్చినవి కావండి. 2024 ఆగస్టులో కర్వ్ వచ్చినప్పుడు చెప్పిన 585 పాత పద్ధతిది. అందులో ఊళ్లో తిరిగే నిదానపు నడక ఒక్కటే లెక్క. తర్వాత ఊరి బయటి వేగాన్ని కూడా కలిపి కొలవడం మొదలైంది. 2025 జనవరిలో వచ్చిన క్రెటా ఎలక్ట్రిక్ 51.4 కిలోవాట్ అవర్ బ్యాటరీకి చెప్పిన 473 ఈ రెండో పద్ధతిలోది. అదే పద్ధతిలో కర్వ్ పెద్ద బ్యాటరీకి, అంటే 55 కిలోవాట్ అవర్‌ది, వచ్చేది 502. అంటే తేడా ముప్పై కిలోమీటర్లు. అది కూడా పరీక్ష గదిలో. ఏసీ వేసుకుని, నలుగురం ఎక్కి, డిక్కీలో సామాను వేసుకుని హైవే ఎక్కితే ఈ అంకెలు ఏవీ నిలవవు. టాటా వాళ్లే మామూలు వాడకంలో 55 బ్యాటరీ 400 నుంచి 425, చిన్నదైన 45 బ్యాటరీ 330 నుంచి 350 ఇస్తుందని విడిగా చెబుతున్నారు. వాళ్లంతట వాళ్లు చెప్పిన ఈ చిన్న అంకె మీ పట్టికలో ఉండాల్సింది.

మాకు విశాఖపట్నం 270 కిలోమీటర్ల దాకా ఉంటుంది. పెద్ద బ్యాటరీ అయితే ఏ కారైనా ఒక్క చార్జింగ్‌తో చేరుస్తుంది, కాకపోతే దిగేసరికి కాస్త టెన్షన్. చిన్న బ్యాటరీ అయితే దారిలో ఒకసారి పెట్టుకోవాలి. అసలు మన గోదావరి జిల్లాల వాళ్లలో అన్నవరంలో ఆగకుండా విశాఖ పోయేవాళ్లు ఎంతమంది? కొండెక్కకపోయినా కింద ప్రసాదం తీసుకుని, కాఫీ తాగి, కాళ్లు చాపుకునేసరికి ముప్పావుగంట ఇట్టే గడుస్తుంది. ఆ ఆగేదేదో హైవే చార్జరు ఉన్నచోట ఆగితే సరిపోతుంది. 70 కిలోవాట్ల ఫాస్ట్ చార్జరు దొరికితే కర్వ్ 10 నుంచి 80 శాతానికి దాదాపు 40 నిమిషాల్లో వస్తుందట. క్రెటాకు 50 కిలోవాట్ల చార్జరు మీద 58 నిమిషాలని చెప్పారు. ఇవి కంపెనీల మాటలు. సంక్రాంతికి హైదరాబాద్ బండ్లన్నీ ఇటు దిగినప్పుడు మన ముందు ఎన్ని కార్లు క్యూలో ఉంటాయన్నది కంపెనీ చెప్పదు. పండగ నాలుగు రోజులు తప్పించి రేంజి గురించి మావాళ్లు పడే బెంగలో సగం అనవసరం.

అసలు బెంగ ఇంటి దగ్గరుంది. మీ వ్యాసంలో 'రాత్రి పడుకునే ముందు ప్లగ్ పెట్టుకుంటే ఉదయానికి ఫుల్' అని ఒక్క ముక్కలో తేల్చిన చోట.

హైదరాబాద్‌లో అది నిజమే కావచ్చు. అక్కడ రాత్రి అందరూ లైట్లు ఆర్పి పడుకుంటారు, లైన్ల మీద బరువు తగ్గుతుంది. ఆక్వా ఊళ్లలో సంగతి తిరగబడి ఉంటుంది. పగలంతా చెరువు నీళ్లలోని నాచు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రొయ్యకు ఇబ్బంది ఉండదు. పొద్దు గూకాక ఆ నాచే ఆక్సిజన్ లాగేసుకుంటుంది. తెల్లవారుజాము మూడు నుంచి ఐదు మధ్య డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అట్టడుక్కి పోతుంది. అందుకే చీకటి పడేసరికి మండలం మొత్తం మీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఒకదాని వెనక ఒకటి అందుకుంటాయి. మీరు పడుకునే వేళకు మా ట్రాన్స్‌ఫార్మర్లు నిద్ర లేస్తాయి. మా వీధికి కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మరు మీదే దగ్గర చెరువుల సర్వీసులూ ఉన్నాయి. రాత్రి పదకొండింటికి ఇంట్లో ట్యూబులైటు వేస్తే నాలుగైదుసార్లు కొట్టుకుని గాని వెలగదు.

మా బావమరిదికి ఇంకో చిన్న ఈవీ ఉంది. పండక్కి వచ్చి రాత్రి మా వరండాలో చార్జింగ్ పెట్టాడు. నేను చెరువు దగ్గరికి పోయి, ఏరేటర్లు చూసుకుని తిరిగి వచ్చేసరికి చార్జరు పెట్టె మీద ఎర్ర లైటు. వోల్టేజీ మీటరు తెచ్చి ప్లగ్గులో పెడితే ముల్లు 170 దగ్గర ఆడుతోంది. కాసేపటికి ఆ లైటే పచ్చగా మారింది, టక్కుమని చప్పుడు చేసి చార్జింగ్ అందుకుంది, మళ్లీ ఎర్రబడింది. అలా తెల్లార్లూ ఆగుతూ సాగుతూనే ఉంది. పొద్దున ఎనిమిది దాటాక, ఏరేటర్లు ఆగాక, 230 వచ్చింది, బండి హాయిగా చార్జింగ్ తీసుకుంది. అది చూశాక మా ఇంట్లో ఈవీ వస్తే దానికి వేళ మిట్టమధ్యాహ్నమే అని తీర్మానించుకున్నాను. ఉద్యోగానికి బండేసుకుని పోయేవాళ్లకు ఇది కుదరదు. రైతుకు కుదురుతుంది, మధ్యాహ్నం బండి ఇంటి దగ్గరే ఉంటుంది కదా.

ఈ లెక్కలో చూస్తే మీరు గొప్పగా చెప్పిన క్రెటా 11 కిలోవాట్ల ఇంటి చార్జరు మా ఊరికి అలంకారమే. దానికి త్రీఫేజు కావాలి. పైగా విడుదలప్పుడు దానికి అదనంగా 73 వేలు పెట్టారు. మా ఊళ్లో ఇళ్లకున్నది సింగిల్ ఫేజు. త్రీఫేజు అంటే చెరువు మోటార్లకు, రైసుమిల్లులకు. ఇంటికి త్రీఫేజు వేయించుకోవచ్చు, లోడు పెంచుకోవచ్చు, డబ్బు కట్టాలి, స్తంభం దగ్గర్నుంచి కొత్త వైరు లాగాలి. అంత చేస్తే 10 నుంచి నూరు శాతానికి నాలుగు గంటలు అన్న మాట నిజమవుతుంది. కర్వ్ 7.2 కిలోవాట్ల చార్జరు సింగిల్ ఫేజు మీదే నడుస్తుంది, దానికీ లోడు పెంచుకోక తప్పదు. మామూలు 15 యాంపుల ప్లగ్గు మీద ఏ పెద్ద బ్యాటరీ అయినా ఒక రాత్రిలో నిండదు. అసలు రోజూ అడుగు నుంచి నింపాల్సిన పనేముంది? రోజుకు వాడింది రోజు పోసుకుంటే చాలు. కార్ల షోరూములో ఈ ముక్క ఎవరూ చెప్పరు. పెద్ద బ్యాటరీకి, పెద్ద చార్జరుకు పెట్టే డబ్బులో కొంత తీసి మంచి ఎర్తింగు గొయ్యి తవ్వించి, ఉప్పూ బొగ్గూ పోసి, పాత అల్యూమినియం సర్వీసు వైరు మార్పించి, విడిగా ఎంసీబీ (కరెంటు ఎక్కువ పారితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు) పెట్టించుకోమని నేను చెబుతాను. మా నేల ఉప్పుది, గాలి ఉప్పుది. ఇంటి వైరింగు పదేళ్లకే పచ్చగా చిలుము పడుతుంది. ఆ వైరు మీద గంటల తరబడి ముప్పై యాంపులు పారిస్తే ముందు కాలేది కారు కాదు, మీటరు బోర్డు.

ఇక బిల్లు. మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకు 225 యూనిట్లు దాటాక 400 దాకా యూనిట్‌కు 8.75 రూపాయలు, 400 దాటితే 9.75. ఏసీ వేసుకునే ఇల్లు వేసవిలో కారు లేకుండానే 250 వాడుతుంది. నెలకు 1500 కిలోమీటర్లు తిరిగే కారు, యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్ల లెక్కన, 230 యూనిట్లు తాగుతుంది. అవన్నీ పై శ్లాబుల్లోనే పడతాయి కాబట్టి దాదాపు 2,100 రూపాయలు. సర్దుబాటు చార్జీలు అదనం. అదే పెట్రోలైతే లీటరుకు పదమూడు ఇచ్చినా పన్నెండు వేలు దాటుతుంది కాబట్టి ఈవీయే లాభం, అందులో వాదన లేదు. అయితే ఈవీ చార్జింగ్‌కు విడిగా ఒక కేటగిరీ ఉంది, యూనిట్ 6.70 రూపాయలు. ఆ 230 యూనిట్లు దాని మీద పడితే సుమారు 1,540. నెలకు ఐదారు వందలు మిగులు, ఏడాదికి ఆరు వేల పైమాట. కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో సొంత కారుకు ఇంటి కనెక్షన్ మీదే చార్జింగ్ పెట్టుకోవచ్చనీ, కావాలంటే విడిగా కనెక్షన్ అడగవచ్చనీ ఉంది.

ఈ కాగితాలు పట్టుకుని ఒక కరెంటు ఆఫీసుకు వెళ్లాను. 'ఇళ్లకు అలాంటిది ఉండదండి, అది బంకులవాళ్లకు' అన్నారు ఒకరు. పక్క సీటాయన 'ఆయ్, కమర్షియల్ మీటరు పెట్టుకోండి, గొడవుండదు' అన్నాడు. కమర్షియల్ పెట్టుకుంటే ఈవీ కేటగిరీ కంటే ఎక్కువ పడుతుందని ఆయనకూ తెలుసు. పై అధికారి ఫీల్డుకు వెళ్లారట, ఎప్పుడు వెళ్లినా ఫీల్డులోనే ఉన్నారు. ఇప్పటికీ ఔననీ లేదు, కాదనీ లేదు. ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి చెప్పడం లేదు. ఊళ్లో ఒకరిద్దరే అడిగే సంగతి గనక వాళ్లకూ అలవాటు లేదు. రేపు పది మంది అడిగితే నేర్చుకుంటారు. ఆ పది మందికి ధైర్యం రావాలంటే పేపర్లో రావాలి.

ఇక్కడే మా ప్రాంతానికి ఒక ప్రలోభం ఉంది, అది కూడా చెప్పేస్తాను. ఆక్వా జోన్లో పదెకరాల లోపు రైతులకు చెరువు కరెంటు యూనిట్ రూపాయిన్నర. ఏరేటర్లకు ఇచ్చిన ఆ లైను మీద కారు పెట్టుకుంటే 230 యూనిట్లకు అయ్యేది 345 రూపాయలు! త్రీఫేజు కూడా అక్కడే ఉంది, క్రెటా 11 కిలోవాట్ల చార్జరు అక్కడైతే ఝామ్మని నడుస్తుంది. కాపలా షెడ్డు పక్కన పెట్టుకుంటే అడిగే నాథుడు లేడు. మా రచ్చబండ దగ్గర ఈ ఆలోచన అప్పుడే మొదలైంది, తెలివిగలవాళ్లు లెక్కలు కూడా కట్టేశారు. నేను మాత్రం వద్దంటాను. ఒక పనికి ఇచ్చిన కరెంటు ఇంకో పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అనధికార వాడకం అవుతుంది, దానికి రేటు రెట్టింపు వేసి వసూలు చేస్తారు. అదలా ఉంచితే, ఆ రూపాయిన్నర కోసం రైతులు ఎన్నాళ్లు తిరిగారో నాకు తెలుసు. రొయ్య ధర పడి నష్టాల్లో ఉన్నామని అడిగి తెచ్చుకున్న రాయితీ మీద ఇరవై లక్షల కారు చార్జింగ్ పెట్టుకుంటే, రేపు ఎవరో ఫొటో తీసి పెడతారు. అప్పుడు పోయేది నా ఒక్కడి రాయితీ కాదు.

కరెంటు దాటితే రోడ్డు. షోరూముల వాళ్లు మామూలుగా టెస్ట్ డ్రైవంటే భీమవరం బైపాస్ మీద అటు ఇటు తిప్పి తెచ్చేస్తారు. నేను రెండు కార్లనూ మా చెరువు దాకా తీసుకెళతానంటే ముందు కాస్త వెనకాడారు, తర్వాత 'ఏముందండి, పదండి' అన్నారు. ఆ దారి మూడు మీటర్ల సిమెంటు రోడ్డు. ఒక పక్క పంట బోదె, ఇంకో పక్క చెరువు. బెర్ములు (రోడ్డు పక్క మట్టి అంచులు) వర్షానికి కోసుకుపోయి సిమెంటు అంచు జానెడు ఎత్తున తేలి ఉంది. ఎదురుగా మేత బస్తాల ట్రాక్టరు వచ్చింది. కర్వ్ వెడల్పు 1810 మిల్లీమీటర్లు, క్రెటాది 1790. కాగితం మీద రెండు సెంటీమీటర్ల తేడా ఏపాటిది? ఆ గట్టు మీద అద్దాలు మడిచి, ట్రాక్టరు తొట్టి పక్కనుంచి దూరేటప్పుడు ఏ కారైనా ఒకటే, దిగి చూసుకోవాల్సిందే. చివరికి కలుజు దాకా వెనక్కి పోవాల్సి వచ్చింది. అక్కడ రెండు కార్ల వెనక కెమెరాలూ డబ్బుకు తగ్గ పని చేశాయి. పైకప్పు అద్దం కంటే అదే ముఖ్యమని నాకు అక్కడ తెలిసింది.

ఇంకోటి. రెండూ ముందు చక్రాలు తిరిగే బండ్లే. ఎలక్ట్రిక్ మోటారు కాలు వేయగానే మొత్తం బలం ఒక్కసారే ఇస్తుంది. ఒండ్రు మట్టి తడిస్తే సబ్బులా ఉంటుంది, దాని మీద గట్టిగా నొక్కితే ముందు చక్రాలు ఉన్నచోటే తిరిగి బురద చిమ్ముతాయి. ఎకో మోడ్‌లో పెట్టి మెల్లగా వదిలితే డీజిల్ బండి కంటే నెమ్మదిగా, క్లచ్చి వాసన లేకుండా ఎక్కుతాయి. నరసాపురం రేవులో పంటు (బండ్లను గోదావరి దాటించే పడవ) ఎక్కించి సఖినేటిపల్లి దాటించేటప్పుడు కూడా ఇదే సుఖం. ఆ ఇనుప ప్లేటు మీదికి అంగుళం అంగుళం ఎక్కించడానికి ఎలక్ట్రిక్‌ను మించింది లేదు. కార్ల పేజీలు రాసేవాళ్లు పంటు ఎక్కించి చూస్తే బాగుంటుంది.

నీళ్ల సంగతికి వస్తాను. మా చెల్లెలి ఊరు లంక. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు వాళ్లు పడవల మీద బయటికొచ్చారు. అలాంటి వరదలో ఏ కారూ పనికిరాదు, దాని ఊసే వద్దు. మాకు వచ్చేది వేరే రకం నీళ్లు. అక్టోబరు, నవంబరు వాయుగుండాలకు ఉప్పుటేరు లాగక, డ్రెయిన్లు వెనక్కి తన్ని, రోడ్డు మీద మోకాలి లోతు నిలబడి ఉండే నీళ్లు. కర్వ్ 450 మిల్లీమీటర్ల నీటిలో పోగలదని కంపెనీ అంకె చెప్పింది, అంటే దాని చక్రం సగం మునిగి ఇంకా కొంచెం పైకి. బ్యాటరీలకు ఐపీ67 అని రాస్తారు చూడండి, అది మీటరు లోతు నిలకడ నీళ్లలో అరగంట ఉంచి చేసిన పరీక్ష. మంచినీళ్లలో చేసింది. పారే నీళ్లు కారును పక్కకు తోస్తాయి, ఉప్పునీళ్లు కనెక్టర్లను తినేస్తాయి, ఆ రెండింటికీ ఐపీ67కీ సంబంధం లేదు. ఉప్పునీళ్లలో పోయిన బండిని ఇంటికి రాగానే కింద నుంచి మంచినీళ్లతో కడగాలి. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు బ్యాటరీకి నీళ్ల వల్ల నష్టం వస్తే ఇస్తారా లేదా అని విడిగా అడిగి, కాగితం మీద రాయించుకోవాలి. కార్ల మీద అన్ని పేజీలు వేసే మీరు ఒక అరపేజీ దీని మీద వేయకూడదా?

బ్యాటరీ రకాల గురించి మీరు రాసింది సరిగానే ఉంది గానీ తొందరగా దాటేశారు. టాటా వాడేది ఎల్ఎఫ్‌పీ (లిథియం, ఇనుము, ఫాస్ఫేట్ రకం), క్రెటాలో ఉన్నది ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం). మొదటిది అదే బరువుకు కొంచెం తక్కువ కరెంటు దాచుకుంటుంది, కానీ ఎండకు ఓర్చుకుంటుంది, నూరు శాతం నింపినా ఏమీ అనుకోదు. రెండోదాన్ని రోజువారీకి ఎనభై దగ్గర ఆపితే ఎక్కువకాలం మన్నుతుంది. మే నెలలో మధ్యాహ్నం పూట రేకుల షెడ్డు కింద చార్జింగ్ పెట్టుకునేవాడికి ఈ తేడా పట్టించుకోదగ్గదే. వారంటీ కూడా చూడండి. క్రెటా బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు. టాటా 2025 జూలైలో కర్వ్‌కు జీవితకాల వారంటీ అంది. జీవితకాలం అంటే పదిహేనేళ్లు, అదీ మొదటి యజమానికే. మావైపు కారు మూడేళ్లకు అమ్మేసి కొత్తది కొనే అలవాటున్న వాళ్లకు ఆ మాట వల్ల ఒరిగేది తక్కువ. నాలాగా బండి అరిగిపోయేదాకా వాడేవాడికి ఎక్కువ.

షోరూములో ఇంకో ముచ్చట జరిగింది. కారు బ్యాటరీ నుంచే బయటి సామాను నడుపుకోవచ్చని, రెండు కార్లలోనూ ఆ ఏర్పాటు ఉందని అక్కడి కుర్రాడు ఉత్సాహంగా చెప్పాడు. 'సార్, కరెంటు పోతే మీ ఏరేటర్లు దీని మీదే తిప్పుకోవచ్చు' అన్నాడు. కుర్రాడు చురుకైనవాడే, చెరువు చూడలేదంతే. కారు ఇచ్చేది సింగిల్ ఫేజు. మా ఏరేటర్లు త్రీఫేజు మోటార్లు. షెడ్డులో లైట్లు, ఫ్యాను, డీవో మీటరు నడుస్తాయి, జనరేటరును మాత్రం అమ్ముకోనక్కర్లేదు. ఈ మాట మా చుట్టుపక్కల రైతులు గుర్తుపెట్టుకోవాలి, ఎవరైనా ఇదే చెప్పి అమ్మజూస్తారు.

ఇంట్లో వాళ్ల మాట చివర్లో చెబుతున్నాను గానీ బరువు దానికే ఎక్కువ. మా ఆవిడ రెండు కార్లలోనూ వెనక సీట్లో కూర్చుని చూసి, 'ఏవండీ, ఆ వెనక వాలుగా ఉన్నది వద్దండి, అత్తయ్యగారు తల వంచుకుని ఎక్కాలి' అంది. నిజమే, కర్వ్ పైకప్పు వెనక్కి జారినట్టుంటుంది, చూడ్డానికి అందం, పొడుగువాళ్ల తలకు ఇబ్బంది. క్రెటాకు చక్రాల మధ్య దూరం కూడా అయిదు సెంటీమీటర్లు ఎక్కువ, వెనక కాళ్లకు చోటుంది. డిక్కీ మాత్రం కర్వ్‌ది 500 లీటర్లు, క్రెటాది 433. మా అమ్మ ఏం చెప్పిందంటే, 'నేను ముందు సీట్లో కూర్చుంటాను గాని, కాలు పెట్టే చోటు ఎత్తు చూడరా' అంది. రెండింటికీ ఎత్తు దాదాపు ఒకటే, ఆవిడకు చిన్న పీట ఒకటి ఎలాగూ కావాలి. భద్రత పరీక్షలో కర్వ్‌కు అయిదు నక్షత్రాలు, పెద్దల విభాగంలో 32కు 30.81 వచ్చాయని అమ్మాయి ఫోన్లో చెప్పింది. దాని ఓటు అటు.

నేనైతే కర్వ్ చిన్న బ్యాటరీ వైపు మొగ్గుతున్నాను, 45ది. రోజూ తిరుగుడుకు అది ఎక్కువే, విశాఖకు అన్నవరం ఉంది. హైదరాబాద్‌కు రాత్రి రైలుంది. మిగిలిన డబ్బుతో ఇంటి మీద మూడు కిలోవాట్ల సోలారు వేయిస్తాను. పీఎం సూర్యఘర్ కింద 78 వేలు సబ్సిడీ వస్తుంది, మూడు కిలోవాట్లకు రోజుకు పన్నెండు యూనిట్ల దాకా వస్తాయి, అవీ సరిగ్గా నేను కారు చార్జింగ్ పెట్టాలనుకున్న మధ్యాహ్నం వేళే. మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. భీమవరం టౌన్‌లో త్రీఫేజు ఉన్న మేడలో ఉంటూ, వెనక సీట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని రోజూ తిరిగేవాళ్లైతే క్రెటా కొనుక్కోండని నేనే చెబుతాను. ఊరికీ టౌనుకూ మధ్య పదిహేను కిలోమీటర్ల తేడాలో జవాబు మారిపోతుంది. మీ పట్టికలో ఆ వరుసే లేదు.

మీ నుంచి నేను అడిగేది ఒకటే. కార్ల పేజీ రాసేవారిని ఇంకో వ్యాసం రాయమని చెప్పనక్కర్లేదు. సొంత కారు ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టుకునే మామూలు మనిషికి 6.70 రూపాయల కేటగిరీలో విడిగా మీటరు ఇస్తారా, ఇస్తే ఏ దరఖాస్తు, ఎంత డిపాజిట్, ఎన్నాళ్లలో అన్న ప్రశ్నను మీ విలేకరి చేత విద్యుత్ పంపిణీ సంస్థ పెద్దల్ని అడిగించండి. జవాబును వాళ్ల హోదాతో సహా జిల్లా పేజీలో అచ్చు వేయండి. ఆ ముక్క కత్తిరించి పట్టుకెళ్లి కౌంటర్లో పెడతాను.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
కాళ్ల మండలం, పశ్చిమ గోదావరి జిల్లా.